గాజుపలకపై లోకాన్ని నిలిపిన శ్రావకుడు — రాజా దీన్‌దయాళ్

నాందేడ్ బజారులో మనవారి పాత దుకాణాలలో దేనికి వెళ్ళినా గద్దె వెనుక గోడమీద ఒక పటం కనబడుతుంది. తలపాగా చుట్టి, పొడవు కోటు తొడిగి, కుర్చీలో నిటారుగా కూర్చున్న తాతగారు. ప్రక్కన చిన్న బల్ల, దానిమీద పూలపాత్ర, వెనుక రంగుల తెర. ఉదయం కొట్టు తెరచి ఆ పటానికి దండం పెట్టి, దండ మార్చి, ఆ తరువాతనే చిట్టా విప్పడం మన ఇళ్ళలో ఆచారం. అయితే ఆ పటం తీసినవాడెవడు, అలా కూర్చోబెట్టి తీసే పద్ధతి మన దేశంలో ఎవరి చేతిమీదుగా ఇంత పరువుకెక్కింది అన్న ఆలోచన మనకు రాదు. నాకూ చాలాకాలం రాలేదు. ఈ దేశంలో ఆ విద్యకు గౌరవం తెచ్చినవారిలో అగ్రగణ్యులు మన జైన సమాజంలో పుట్టినవారేననీ, మన నాందేడ్ నిజాం ప్రభువుల ఏలుబడిలో ఉన్న రోజులలో ఆ ప్రభువుల కొలువులోనే పనిచేసినవారనీ తెలిసిన తరువాత, వారి జీవితాన్ని నాలుగు మాటలలో ఈ సంచికలో వ్రాయాలనిపించింది.

వారే రాజా దీన్‌దయాళ్. 1844లో ఉత్తర హిందూస్థానంలో మీరట్‌కు సమీపాన గల సర్ధనా అను పట్టణంలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో జన్మించారు. వజ్రం ఎటు త్రిప్పితే ఎలా మెరుస్తుందో, కెంపులో దోషం ఏ వెలుతురులో బయటపడుతుందో చూడడం ఆ ఇంటి వృత్తి. ఆ చూపే తరువాత వారికి వేరు రూపంలో అక్కరకు వచ్చిందని నా అభిప్రాయం. దీనిని వ్యాపారస్థుడి ఊహగా పాఠకులు తీసుకొందురు గాక.

అయితే వారు కులవృత్తిలోకి వెళ్ళలేదు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు కట్టే ఉద్యోగిగా, నక్షాలు గీసేవారిగా చేరారు. ఏ గోడ ఎంత ఎత్తు, ఏ దూలం ఎంత పొడవు, ఎన్ని ఇటుకలు, ఎంత సున్నం అని లెక్క కట్టి కాగితంమీద దించే పని అది. ఎనిమిదేళ్ళు ఆ పనిలో ఉన్న పిమ్మట, 1874 ప్రాంతంలో కెమెరా చేతబట్టారు. అప్పటికి వారికి ముప్పై ఏళ్ళు. మనలో ముప్పై దాటితే కొత్త వ్యాపారం పెట్టడానికే వెనుకాడతాము; వీరు కొత్త విద్యనే మొదలుపెట్టారు.

ఆనాడు ఆ విద్య ఎంత ప్రయాసతో కూడినదో ఈనాటి పిల్లలకు నమ్మకం కలగదు. ఇప్పుడు జేబులోని ఫోను తీసి వేలు తాకిస్తే చాలు. అప్పుడు ఫిల్ము కూడా లేదు. గాజుపలకను మచ్చలేకుండా తుడిచి, దానిపై కొలోడియన్ అనే జిగురు మందు సమంగా పోసి, చీకటిలో వెండి లవణం కలిపిన నీటిలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం పట్టాలి. తడి ఆరకముందే మళ్ళీ చీకటిలోకి తెచ్చి కడగాలి. మొత్తం పావుగంటలో ముగియాలి. మన ఎండలలో అంత వ్యవధి కూడా దొరకదు. అందుచేత కోటను చిత్రించాలంటే కోట దగ్గరకు చీకటి గుడారం, మందుల సీసాలు, నీళ్ళు, గాజుపలకల పెట్టెలు, మోసే మనుషులు, ఎడ్లబండి, అన్నీ వెళ్ళాలి. దారిలో బండి గోతిలో పడితే పలకలు పగిలి ఆ వారం శ్రమ మట్టిపాలు. 1880 తరువాత తయారుగా వచ్చే పొడి పలకలు వాడుకలోకి రావడంతో ఈ కష్టం కొంత తీరింది.

ఇందూరులో వారికి ఇద్దరు ప్రోత్సాహకులు దొరికారు. ఒకరు హోల్కరు వంశపు మహారాజా రెండవ తుకోజీరావు. మరొకరు మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ; ఇందూరులోని డేలీ కళాశాల వీరి పేరుతో ఉన్నదే. 1875-76 సంవత్సరాలలో వేల్స్ యువరాజు ఈ దేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనను చిత్రించే అవకాశం దీన్‌దయాళ్‌కు లభించింది. తరువాత డేలీ స్థానంలో వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేల్‌ఖండ్ మున్నగు ప్రాంతాలకు బయలుదేరుతూ వీరిని వెంట తీసుకువెళ్ళారు. ఆ యాత్రలో తీసిన చిత్రాలతో మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాలను గూర్చి 1886లో ఒక పెద్ద గ్రంథం వెలువడింది.

ఈ కట్టడాల చిత్రాలను గూర్చి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్ద గోపురాన్నో, ద్వారాన్నో చిత్రించేటప్పుడు వారు తరచు దాని దరిని ఒక మనిషిని నిలబెట్టేవారు, లేదా మెట్లపై కూర్చోబెట్టేవారు. చూసేవారికి ఎత్తు కొలత తెలియడానికి ఇది ఇంజనీరు ఉపాయం. కాని బొమ్మ చూస్తూ ఉంటే కన్ను ముందు గోపురంమీదికి పోయి, చివరకు ఆ మనిషిమీదనే నిలుస్తుంది. భుజాన కండువా వేసుకొని, చేత కర్ర పట్టుకొని నిలిచిన సామాన్యుడు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ కట్టడాన్ని కట్టించిన రాజు ముఖం మనకు తెలియదు. ఆ పూట నీడకు వచ్చి నిలిచిన ఈయన ముఖం మాత్రం తెలుసు.

1885లో వీరి జీవితం దక్కను వైపు మళ్ళింది. ఆ సంవత్సరమే రాజప్రతినిధి వారి ఛాయాచిత్రకారులుగా నియామకం పొందారు. అదే ప్రాంతంలో హైదరాబాదు ప్రభువు, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్, తమ ఆస్థాన చిత్రకారులుగా స్వీకరించారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో వెలసింది. సర్కారు ఉద్యోగం వదలి వ్యాపారంలో దిగడం అంటే ఏమిటో మనకు తెలుసు గనుక దీనిని చిన్న సంగతిగా తీసివేయలేము. నెల తిరిగేసరికి వచ్చే జీతం, చివర వచ్చే పింఛను, ఈ రెంటినీ వదలుకొని దూరదేశంలో కొత్త ప్రభువును, కొత్త భాషను నమ్ముకొని రావాలి. పైగా దర్బారు ఖాతా ఎంత పెద్దదో దాని వసూలు అంత ఆలస్యమని మన పూర్వులు అనుభవంతో చెప్పేవారు.

వీరు వ్యాపారం నడిపిన తీరు మనవారు గమనింపదగినది. తీసిన పలకలకు నంబరు వేసి, పేరు వ్రాసి భద్రపరచేవారు. చిత్రం ఒకసారి తీయడం, దాని నకళ్ళు కావలసినవారికి ఏళ్ళ తరబడి అమ్మడం. సరుకు ఒకటే, అమ్మకం మాత్రం ఎన్నటికీ తరగదు. ఇందూరు, సికింద్రాబాదు, ఆపైన 1896లో బొంబాయి, ఇలా మూడుచోట్ల శాఖలు నడిచాయి. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఇద్దరూ పనిలో చేరడంతో పెఢీ పేరు చివర కుమారుల మాట కూడా వచ్చింది.

1892లో హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచారు. ఘోషా పాటించే ఇళ్ళ ఆడవారు పరపురుషుని ఎదుట కూర్చొని ఫొటో తీయించుకోవడం ఆనాడు తలపెట్టరాని మాట. ఎత్తైన గోడల మధ్య, లోపల స్త్రీలే పనిచేసే విధంగా దీనిని ఏర్పరచి, కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనిత ఆధీనంలో ఉంచారు. ఇంట్లో సగంమంది ముఖాలు పటంలో లేకుండా పోవడం ఎంత లోటో ఆయన గ్రహించారు. మన ఇళ్ళ గోడలమీద ముత్తాతల పటాలు ఎన్ని ఉన్నవి, ముత్తవ్వల పటాలు ఎన్ని ఉన్నవి లెక్కచూసుకొంటే ఈ స్టూడియో విలువ తెలుస్తుంది.

1893లో అమెరికాలోని చికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనంలో వీరి చిత్రాలు ప్రదర్శింపబడ్డాయి. ఆ సంవత్సరమే, ఆ నగరంలోనే, సర్వమత సభలో శ్రీ వీర్‌చంద్ రాఘవ్‌జీ గాంధీగారు జైన ధర్మాన్ని గూర్చి ప్రసంగించిన సంగతి మన సంచికలు చదివేవారందరికీ తెలిసినదే. ఒకే ఏడాది ఒకే ఊరికి మనవారి మాటా వెళ్ళింది, మనవారి చేతిపనీ వెళ్ళింది. మొదటిదానిని స్మరిస్తూ సభలు చేస్తున్నాము. రెండవది మనలో చాలామందికి తెలియదు.

1894లో నిజాం ప్రభువు వీరికి రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు ప్రసాదించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. చీమకు దారి వదిలే మతంలో పుట్టినవానికి యుద్ధం మాటతో బిరుదు రావడం వింతే గాని, అది దర్బారు మర్యాద. ప్రభువు స్వయంగా కవి గనుక వీరి నేర్పును మెచ్చుకొంటూ ఉర్దూలో పద్యం కూడా చెప్పారు. 1897లో విక్టోరియా రాణి నుంచి రాజముద్రతో నియామక పత్రం వచ్చింది.

ఇంతవరకు వ్రాసి ఆపితే ఇది ఉత్త స్తోత్రపాఠం అవుతుంది. మనవారు చదివే సంచిక గనుక ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి.

ఆనాటి ఫొటో కాగితం కోడిగుడ్డు తెల్లసొనతో తయారయ్యేది. కాగితానికి ఆ సొన పూసి, దానిపై వెండి లవణం పట్టించి, పలక కింద ఎండలో ఉంచితే బొమ్మ దిగేది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఒక్క కార్ఖానాలో 1888లో ఈ కాగితం కోసం అరవై లక్షలకు పైగా గుడ్లు ఖర్చు అయినవంటే ఆ వ్యాపారం ఎంతటిదో ఊహించుకోవచ్చు. తరువాత వచ్చిన పొడి పలకలమీది పూత జెలటిన్. అది పశువుల ఎముకలనుండి, చర్మంనుండి తీసే పదార్థం. కాబట్టి మనం ముచ్చటపడే ఆ గోధుమ రంగు పాత చిత్రాల వెనుక హింస ఉన్నది. దీనికి తోడు శికారు చిత్రాలు. ప్రభువులు, దొరలు వేటకు వెళ్ళినప్పుడు దీన్‌దయాళ్ పెఢీ కెమెరా కూడా వెంట వెళ్ళేది. 1902లో రాజప్రతినిధి లార్డ్ కర్జన్ ఓరుగల్లు ప్రాంతపు అడవులలో పులుల వేటకు వచ్చినప్పుడు తీసిన చిత్రాలు నేటికీ ప్రసిద్ధములు. కూలిన పులి, దాని వెనుక తుపాకులు పట్టి నిలిచిన దొరలు.

శ్రావకులకు నిషిద్ధమైన వ్యాపారాలు పదిహేను అని మన శాస్త్రాలు చెప్పినవి. దంతం, లక్క, విషం మొదలైన వాటితో వర్తకం చేయరాదని చిన్నతనాన ఉపాశ్రయంలో విన్నదే. దంత వాణిజ్యం అనే మాటలోనే చర్మం, ఎముక, వెంట్రుక కూడా చేరుతాయని మునిమహారాజులు వివరిస్తారు. ఛాయాచిత్రకారుడు వాటిని అమ్మడు, వాటితో చేసినదానిని వాడతాడు. ఈ రెంటికీ మధ్య తేడా ఎంత అన్నది తేల్చగలిగేంత పాండిత్యం నాకు లేదు. ఆయన మనసులో ఈ ప్రశ్న ఎలా పనిచేసిందో నేను ఊహించి వ్రాయను. అయితే నా దుకాణంలోని పట్టును, మా ఇంటి పిల్లల చేతి తోలుపట్టీలను చూసుకొన్న తరువాత, ఆయనమీద తీర్పు చెప్పడానికి నాకు నోరు రాలేదు. వేట చిత్రాలు మాత్రం నేను చూడలేను. ఆ పుట వస్తే త్రిప్పివేస్తాను.

నేను మరల మరల చూసేవి వేరే ఉన్నవి. చార్మినార్ వీధి చిత్రాలు చూడండి. నాలుగు మినార్లూ ఎప్పటివలెనే నిలిచి ఉన్నవి. వాటి కింద బండ్లు, గొడుగు పట్టుకొని నడిచేవారు, అరుగులమీద సరుకు పరచుకొన్నవారు, ఊరకే నిలబడి కెమెరా వైపు చూసేవారు. కదలకుండా నిలిచినవారు స్పష్టంగా పడ్డారు. నడిచిపోయినవారు పొగవలె చెదరిపోయారు. బేరం చేస్తూ నిలిచిన గిరాకీ మిగిలాడు, తొందరపడి పోయినవాడు మాసిపోయాడు. రాజుగారి చిత్రానికి వారు ఎంత శ్రద్ధ చూపారో, ఈ బజారు వెలుతురుకూ అంతే శ్రద్ధ చూపారని చిత్రం చూస్తేనే తెలుస్తుంది. పొద్దు ఏటవాలుగా పడే వేళ చూసుకొని, అరుగుల నీడ దారిమీదకు సాగినప్పుడు తీశారు. మట్టమధ్యాహ్నం ఆ వీధి ఎవరికీ అందంగా కనబడదు. రోజూ మనం కూర్చునే అంగడి వీధి కూడా సాయంత్రం అయిదు గంటలకు అలాగే ఉంటుంది. మనం ఆ వేళకు గల్లాపెట్టె లెక్కలో ఉంటాము.

ఇంకొక చిత్రమాల ఉన్నది. అది మన మరాట్వాడాకు చెందినది. 1895 నుంచి 1902 వరకు ఔరంగాబాదు ప్రాంతంలో నిజాం సర్కారు చేసిన సత్కార్యాలను, అనగా కరువు సహాయం మున్నగువాటిని, వీరి పెఢీ చిత్రించింది. ఆ మధ్యలోనే 1899-1900 నాటి మహాకరువు వచ్చింది. మార్వాడ నుంచి వచ్చిన మన కుటుంబాలలో సంవత్ 1956 నాటి ఆ కరువును ఛప్పనియా అనే పేరుతో ఇప్పటికీ తలుస్తారు. ఆ ఏడాది ఊరు వదలి, గింజలు దొరికే చోటు వెతుక్కొంటూ దక్కనుకు దిగిన ఇళ్ళు మనలో కొన్ని ఉన్నవి. ఇక్కడ మాత్రం గింజలు ఎక్కడివి? ఈ జిల్లాలలోనూ అదే కరువు.

సర్కారు తన మంచితనం లోకానికి చూపడానికి తీయించుకొన్న చిత్రాలు అవి. అధికారులకు కావలసినది తాము చేసిన ఏర్పాటు. కాని కెమెరా ముందు ఉన్నది ఎదురుచూస్తున్న ఆకలి. అందం అనే మాటను ఇక్కడ వాడవచ్చునా అని నేను చాలాసార్లు తర్కించుకొన్నాను. వాడవచ్చుననే తోచింది. ఆ ముఖాలను ఆయన దీనంగా వంచలేదు, వింతగానూ చూపలేదు. నవాబులకు ఇచ్చిన వెలుతురునే వారికీ ఇచ్చారు. ఒకే కెమెరా ఒక ఏడు ఫలక్‌నుమా మహలు దీపాల ముందు నిలిచింది, మరొక ఏడు కరువు శిబిరం ముందు నిలిచింది. ఒక వస్తువును ఒక వైపునుంచే చూసి అదే మొత్తమని అనరాదని మన అనేకాంతం చెబుతుంది. నిజాం రాజ్యాన్ని మహలు చిత్రాలలోనే చూసేవారికి ఈ పలకలు రెండవ వైపు.

చివరి సంవత్సరాలు సుఖంగా గడవలేదు. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించారు. మరుసటి ఏడు, 1905 జూలై 5వ తేదీన, బొంబాయిలో దీన్‌దయాళ్ కాలధర్మం చెందారు. వారికి అప్పుడు అరవై ఒక్క ఏళ్ళు. వ్యాపారాన్ని జ్ఞాన్‌చంద్ కొనసాగించారు. కాలం మారింది, చేతిలో పట్టే చిన్న కెమెరాలు వచ్చాయి. ఎవరి బొమ్మ వారే తీసుకోసాగారు.

వారి గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో తపాలా శాఖ వారి పేరిట బిళ్ళ విడుదల చేసింది. ఒక్క మనిషి జీవితకాలపు పనిలో ఇంతపాటి మిగలడం గొప్ప భాగ్యం. ఎందుచేతనంటే పాత గాజుపలకల గతి సాధారణంగా వేరు. స్టూడియో మూతపడితే పలకలను తూకానికి అమ్మేవారు. కొన్నవారు వేడినీళ్ళలో వేసి పూత గీకివేసి, ఆ గాజును కిటికీలకు, పటాల చట్రాలకు వాడేవారు.

ఇతరుల సంగతి ఎందుకు, మా ఇంటి సంగతే చెబుతాను. నలభై ఏళ్ళ క్రితం మా పాత కొట్టును బాగుచేయించినప్పుడు అటకమీద ఒక చెక్కపెట్టె దొరికింది. నిండా గాజుపలకలు, నల్లనల్లగా ఏవో నీడలు. ఎవరు తీశారో, ఎప్పటివో పెట్టెమీద వ్రాసిలేదు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. గాజు కొనే ఖర్చు తప్పిందని ఇంట్లో అందరం సంతోషించాము. నేనే బకెట్టులో నానబెట్టి, కొబ్బరిపీచుతో రుద్ది, ఒక్కొక్కటి తళతళలాడేలా తుడిచి ఇచ్చాను. అవి దేవుళ్ళ పటాలకు సరిపోయాయి. మంచి పని చేశానని ఆ రోజు నాకు రెండు రూపాయలు కూడా ఇచ్చారు.

మూల విరిగినందుకు ఒకటి మాత్రం చట్రానికి పనికిరాక పక్కన పడివుంది. దీన్‌దయాళ్ చరిత్ర తెలిసిన తరువాత దానిని వెతికి తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూశాను. మా కొట్టు ముందుభాగమే. పత్తి బస్తాలు, వేలాడే తక్కెడ, అరుగుమీద ఇద్దరు మనుషులు. వారి పక్కన నిలబడిన ఒక పిల్లవాడు ఆ క్షణంలో తల త్రిప్పినట్లున్నాడు. ముఖం రెండుగా పడింది. అతను మా తాతగారో, వారి అన్నగారో చెప్పగలిగినవారు ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. ఆ పలకను గుడ్డలో చుట్టి, చిట్టాలు దాచే బీరువాలో పెట్టాను.